స్ట్రాంగ్ బీరు వేరు, చిక్కటి బీరు వేరు: చలికాలపు పోటీ బీర్ల వెనుక లెక్క

డిసెంబరు వచ్చిందంటే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న మనవాళ్ళ నుంచి ఒక రకం ఫోటోలు మొదలవుతాయి. గ్యారేజీలో పెద్ద స్టీలు గిన్నె, పక్కన గ్లాసులో నల్లటి బీరు, కింద ఒక మాట: ఇంట్లో చేశాను, క్లబ్ వింటర్ పోటీకి పంపాను, ఆల్కహాల్ పదకొండు శాతం. ఇక్కడ మాదాపూర్‌లోనో కూకట్‌పల్లిలోనో ఆ ఫోటో చూసినవాళ్ళకి రెండు సందేహాలు వస్తాయి. మన వైన్ షాపులో దొరికే స్ట్రాంగ్ బీరుకీ దీనికీ అసలు తేడా ఏమిటి? ఇలాంటిది మనం ఇంట్లో చేసుకోవచ్చా?

రెండో ప్రశ్నకి జవాబు చిన్నది. తెలంగాణలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారు చేయడం నేరం, కొద్దిగా చేసుకున్నా, అమ్మకపోయినా. అది ఎందుకలా ఉందో చివర్లో చూద్దాం. మొదటి ప్రశ్నకి మాత్రం జవాబు పెద్దది. పదకొండు శాతం అనే అంకె చూసి ఇదేదో ఇంకా ఘాటైన స్ట్రాంగ్ బీరు అనుకుంటే అసలు విషయం చేజారిపోతుంది. ఈ బీర్ల గొప్పతనం ఆల్కహాల్ ఎంత ఉంది అన్నదానికంటే, పులియడం అయిపోయాక గ్లాసులో ఏం మిగిలింది అన్నదానిలో ఉంది.

గ్రావిటీ అంటే ఏమిటి

బార్లీ గింజల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి వేయిస్తే మాల్ట్ వస్తుంది. ఇంట్లో రాగి మాల్ట్ చేసుకునేవాళ్ళకి ఈ పద్ధతి కొత్త కాదు. ఆ మాల్ట్‌ని బరకగా పగలగొట్టి వేడి నీళ్ళలో గంటసేపు ఉంచడాన్ని మాష్ అంటారు. గింజలోని పిండి పదార్థం అక్కడ చక్కెరలుగా మారుతుంది. వడకట్టగా వచ్చిన తియ్యటి రసం వర్ట్. దానిలో చేదు కోసం హాప్స్ అనే పూలు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపితే ఈస్ట్ ఆ చక్కెరల్ని తిని ఆల్కహాల్‌నీ కార్బన్ డయాక్సైడ్‌నీ ఇస్తుంది.

వర్ట్‌లో ఎంత చక్కెర కరిగి ఉందో చెప్పే కొలత గ్రావిటీ. హైడ్రోమీటర్ అనే గాజు గొట్టాన్ని రసంలో తేలేస్తే అది ఎంతవరకు మునిగిందో చూసి చదువుతారు. మంచినీళ్ళు 1.000. గ్రావిటీ 1.090 అంటే లీటరు వర్ట్ సుమారు ఒక కిలో 90 గ్రాములు తూగుతుందన్నమాట. పులియకముందు కొలిచింది ఒరిజినల్ గ్రావిటీ, పులిసి ఆగాక కొలిచింది ఫైనల్ గ్రావిటీ. ఈ రెండింటి తేడాని 131.25తో గుణిస్తే ఆల్కహాల్ శాతం సుమారుగా వస్తుంది. బరువైన బీర్లలో ఈ సూత్రం అసలు కంటే కాస్త తక్కువ చూపిస్తుంది. ఆ కాస్త తేడా హైదరాబాద్ వాళ్ళకి ఎంత ముఖ్యమో చివర్లో తెలుస్తుంది.

ఆల్కహాల్ ఒకటే, గ్లాసులో ఉన్నది వేరు

రెండు బీర్లు తీసుకుందాం. మొదటిది 1.066 దగ్గర మొదలై 1.006 దగ్గర ఆగింది. రెండోది 1.090 దగ్గర మొదలై 1.030 దగ్గర ఆగింది. తేడా రెండింటిలోనూ 0.060. దాన్ని 131.25తో గుణిస్తే రెండూ 7.9 శాతమే. సీసా మీద ఒకే అంకె అచ్చు వేయొచ్చు.

కానీ మొదటి బీరులో ఈస్ట్ చక్కెరలో 91 శాతం తినేసింది. రెండో దానిలో 67 శాతం దగ్గరే ఆగిపోయింది. దీన్ని అటెన్యుయేషన్ అంటారు. హైడ్రోమీటర్‌ని ఆల్కహాల్ కొంత తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి ఈ శాతాలు పైకి కనిపించేవే. ఆ తప్పుని సరిచేసి లెక్క కడితే వంద గ్రాముల మొదటి బీరులో పులియకుండా మిగిలిన పదార్థం సుమారు 4 గ్రాములు. రెండో దానిలో సుమారు 10 గ్రాములు. నోట్లో తెలిసేది ఈ ఆరు గ్రాముల తేడాయే. మొదటిది పల్చగా, పొడిగా, మింగగానే ఆల్కహాల్ ఒక్కటే మిగిలేలా ఉంటుంది. రెండోది నాలుక మీద నిలుస్తుంది. వేయించిన గింజ, ఎండు ఖర్జూరం, కాఫీ లాంటి రుచులు ఒక్కొక్కటిగా విడివిడిగా తెలుస్తాయి. ఆల్కహాల్ వాటి వెనక ఉంటుంది.

మన దగ్గర స్ట్రాంగ్ పేరుతో అమ్మే బీర్లలో చాలావరకు మొదటి పద్ధతిలో చేసినవే. మాల్ట్‌తో పాటు బియ్యమో మొక్కజొన్నో చక్కెరో వాడి, ఈస్ట్ వీలైనంత తినేలా చేస్తారు. మండుటెండలో చల్లగా తాగడానికి చేసిన బీరు అది, ఆ పనికి సరిపోతుంది. చలికాలపు పోటీకి వచ్చే బీరు ఉద్దేశం వేరు. రెండింటినీ ఒకే తక్కెడలో తూచడం వల్లే ఇంత గందరగోళం.

ఈ కుటుంబంలో ఎవరెవరు

చిక్కటి బీర్లకి ఒకే పేరు లేదు. ఇంగ్లండ్ నుంచి బార్లీవైన్, ఓల్డ్ ఏల్ వచ్చాయి. పేరులో వైన్ ఉన్నా బార్లీవైన్‌లో ద్రాక్ష ఉండదు. స్కాట్లండ్‌ది వీ హెవీ. ఇంపీరియల్ స్టౌట్ 18వ శతాబ్దంలో లండన్‌లో, థేమ్స్ నదికి దక్షిణాన ఉన్న థ్రేల్ బ్రూవరీ నుంచి రష్యా రాజ దర్బారుకి ఎగుమతైన నల్లటి బీరు. ఆ బ్రూవరీ 1781లో బార్‌క్లే, పెర్కిన్స్ చేతికి వెళ్ళింది. జర్మనీలో డాపెల్‌బాక్‌కి మూలం మ్యూనిక్‌లోని పౌలానర్ క్రైస్తవ సాధువుల మఠం. వాళ్ళ బీరు సాల్వాటర్ పేరును అనుకరిస్తూ ఆ రకం బీర్ల పేర్లు ఇప్పటికీ చాలావరకు ‘ఆటర్’తోనే ముగుస్తాయి. బాల్టిక్ పోర్టర్ చూడ్డానికి స్టౌట్‌లా ఉన్నా సాధారణంగా లాగర్ ఈస్ట్‌తో, అంటే చల్లదనంలో పనిచేసే రకంతో పులిసేది. బెల్జియం డార్క్ స్ట్రాంగ్ ఏల్ వీటిలో కాస్త వేరు, దాని సంగతి బెల్లం దగ్గర చెబుతాను.

బీరు న్యాయనిర్ణేతలకి పరీక్షలు పెట్టే అమెరికా సంస్థ బీజేసీపీ. పోటీల్లో ఎక్కువగా వాడే దాని శైలుల పుస్తకం 2021 ముద్రణలో ఇంగ్లిష్ బార్లీవైన్‌కి ఒరిజినల్ గ్రావిటీ 1.080 నుంచి 1.120, ఆల్కహాల్ 8 నుంచి 12 శాతం. డాపెల్‌బాక్‌కి 7 నుంచి 10 శాతం. ఓల్డ్ ఏల్ 5.5 శాతం నుంచే మొదలవుతుంది. అంటే ఈ కుటుంబంలో కూడా అందరూ పదకొండు శాతం వాళ్ళు కాదు.

చిక్కదనం ఎక్కడి నుంచి వస్తుంది

మొదటి జవాబు సూటిగానే ఉంటుంది: ఎక్కువ గింజ. 20 లీటర్ల మామూలు బీరుకి, అంటే 1.048 దగ్గర మొదలయ్యేదానికి, సుమారు 4 కిలోల మాల్ట్ చాలు. 1.090కి రెట్టింపు కంటే కాస్త తక్కువ, ఏడున్నర ఎనిమిది కిలోలు సరిపోవాలి కదా అనిపిస్తుంది. నిజానికి 9 కిలోల పైనే పడుతుంది. గింజ ఎక్కువైనకొద్దీ దాన్ని కడగడానికి మిగిలే నీళ్ళు తగ్గుతాయి, చక్కెర పిప్పిలోనే ఉండిపోతుంది. పాతకాలపు ఇంగ్లిష్ బ్రూవరీలు ఈ పిప్పిని వదల్లేదు. మొదట కారిన చిక్కటి రసంతో బలమైన బీరు, తర్వాత మళ్ళీ నీళ్ళు పోసి తీసిన పల్చటి రసంతో రోజువారీ బీరు చేసేవారు. ఇప్పటి ఇంటి తయారీదారులు కొందరు పిప్పిని వదిలేసి, తగ్గిన గ్రావిటీని ఎండు మాల్ట్ పొడితో పూడుస్తారు. 20 లీటర్లలో పది పాయింట్లు, అంటే గ్రావిటీలో 0.010, పెంచడానికి అర కిలో పైచిలుకు పొడి పడుతుంది.

రెండో జవాబు మాష్ వేడిమిలో ఉంది, అసలు పనితనం ఇక్కడే తెలుస్తుంది. గింజలో రెండు ముఖ్యమైన ఎంజైములు ఉంటాయి. 63, 65 డిగ్రీల దగ్గర బాగా పనిచేసే బీటా అమైలేజ్ పిండిని ఈస్ట్ తినగలిగే చిన్న చక్కెరలుగా కోస్తుంది. 68, 70 డిగ్రీల దగ్గర అది త్వరగా చచ్చిపోతుంది. అక్కడ ఆల్ఫా అమైలేజ్ రాజ్యం, అది పెద్ద ముక్కలు వదిలేస్తుంది. వాటిని డెక్స్‌ట్రిన్లు అంటారు, మామూలు ఈస్ట్ వాటిని తినలేదు. అదే గింజ, అదే నీళ్ళు, నాలుగైదు డిగ్రీల తేడాతో బీరు పల్చగానో చిక్కగానో తయారవుతుంది. ముదురుగా వేయించిన మాల్ట్‌లు, కారమెల్ మాల్ట్‌లు కూడా ఈస్ట్‌కి అందని పదార్థాన్ని కలుపుతాయి. వర్ట్‌ని రెండు మూడు గంటలు మరిగించినా రంగూ రుచీ ముదురుతాయి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. బీరు తియ్యగా, బరువుగా రావాలంటే బెల్లమో చక్కెరో వేస్తే సరిపోతుందనుకుంటారు. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. 20 లీటర్లలో కిలో చక్కెర వేస్తే ఒరిజినల్ గ్రావిటీ సుమారు 19 పాయింట్లు పెరుగుతుంది. ఆ 19 పాయింట్లనూ ఈస్ట్ పూర్తిగా తినేస్తుంది. ఆల్కహాల్ రెండున్నర శాతం పెరుగుతుంది, బీరు మరింత పొడిబారుతుంది. బెల్జియం వాళ్ళు డార్క్ స్ట్రాంగ్ ఏల్‌లో ముదురు చక్కెర పాకం వాడేది ఇందుకే: తొమ్మిది పది శాతం ఉన్నా ఆ బీరు కడుపు నింపేయకుండా తేలిగ్గా దిగాలి. బెల్లం వేస్తే దాని వాసన, కాస్త ఖనిజపు రుచి మిగులుతాయి, తీపి మిగలదు.

చేదు లెక్క కూడా ఒకటుంది. హాప్స్ చేదుని ఐబీయూల్లో కొలిచి, గ్రావిటీ పాయింట్లతో భాగిస్తారు. 1.090 బీరుకి 45 ఐబీయూలు ఉంటే 45ని 90తో భాగించగా 0.5. డాపెల్‌బాక్ దీనికంటే బాగా కింద, ఇంపీరియల్ స్టౌట్ పైన ఉంటాయి. నిల్వలో చేదు తగ్గిపోతుంది కాబట్టి ఏడాది దాచాలనుకున్న బీరులో మొదట్లో కాస్త ఎక్కువే వేస్తారు.

వెచ్చదనానికీ మంటకీ తేడా

ఈ బీర్లు ‘వెచ్చగా’ ఉంటాయంటారు. శరీరాన్ని నిజంగా వెచ్చబరుస్తాయా అంటే లేదు. ఆల్కహాల్ చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, అందుకే ఒళ్ళు వెచ్చబడినట్టు ఉంటుంది. లోపలి వేడి మాత్రం బయటికి పోతూ ఉంటుంది. గొంతులో తెలిసే వెచ్చదనానికి కారణం వేరు. మిరపకాయ కారాన్ని పట్టే నరాల గ్రాహకం ఒకటుంది, దాని పేరు టీఆర్‌పీవీ1. మామూలుగా అది 42 డిగ్రీలకి దగ్గర్లో స్పందిస్తుంది. ఆల్కహాల్ ఆ హద్దుని సుమారు 34 డిగ్రీలకి దించుతుందని 2002లో వచ్చిన పరిశోధన చూపించింది. ఆ హద్దు మన శరీర ఉష్ణోగ్రత కంటే కిందే. అంటే మన ఒంటి వేడే మనకి వేడిగా తెలుస్తుంది. గుంటూరు మిర్చి కొరికినప్పుడూ, బార్లీవైన్ గుటక వేసినప్పుడూ పలికేది ఒకే నరం.

పోటీల్లో న్యాయనిర్ణేతలు ఈ వెచ్చదనాన్ని మెచ్చుకుంటారు, మంటని తప్పుపడతారు. మెత్తగా ఛాతీ దాకా పాకితే మంచి గుర్తు. ముక్కులోకి స్పిరిట్ వాసన కొట్టినా, గొంతు చురుక్కుమన్నా లోపమే. ఆ మంటకి ముఖ్య కారణం ఫ్యూసెల్ ఆల్కహాల్స్. మామూలు ఆల్కహాల్ కంటే పెద్ద అణువులు ఇవి. ఈస్ట్ ఒత్తిడిలో ఉన్నప్పుడు, ముఖ్యంగా వేడిలో పులిసినప్పుడు ఎక్కువగా పుడతాయి.

చిక్కటి వర్ట్ ఈస్ట్‌కి చాలా కష్టమైన చోటు. మొదట చక్కెర ఒత్తిడి, చివర్లో ఆల్కహాల్ విషం. అందుకే మామూలు 20 లీటర్లకి ఒక 11 గ్రాముల ఎండు ఈస్ట్ ప్యాకెట్ సరిపోయేచోట ఇలాంటిదానికి కనీసం రెండు వేస్తారు. పులియడం మొదలయ్యే ముందు ఆక్సిజన్ కూడా ఎక్కువ కావాలి. వర్ట్‌ని గిలకొడితే గాలి నుంచి లీటరుకి సుమారు 8 మిల్లీగ్రాములకి మించి కరగదు. బలమైన బీర్లకి అంతకంటే ఎక్కువ కావాలి కాబట్టి చాలామంది స్వచ్ఛమైన ఆక్సిజన్ పంపుతారు. ఈ రెండూ తక్కువైతే ఈస్ట్ మధ్యలోనే ఆగిపోతుంది. చిక్కటి బీరు కాకుండా పులియని తీపి రసం మిగులుతుంది. 1.030 దగ్గర కావాలని ఆపిన బీరుకీ, చేతగాక ఆగిన బీరుకీ హైడ్రోమీటర్ మీద అంకె ఒకటే. నాలుకకి మాత్రం వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే మొదటిదానిలో మిగిలింది తీపి తక్కువ ఉన్న డెక్స్‌ట్రిన్, రెండోదానిలో మిగిలింది ఈస్ట్ తినాల్సిన చక్కెర.

హైదరాబాద్ వేడిలో ఈ లెక్క ఎలా మారుతుంది

ఇంగ్లిష్ ఏల్ ఈస్ట్‌లకి 18 నుంచి 20 డిగ్రీలు బాగుంటాయి. డాపెల్‌బాక్, బాల్టిక్ పోర్టర్‌లకి పది పన్నెండు డిగ్రీలు కావాలి. హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రులు పద్నాలుగు, పదిహేను డిగ్రీల దగ్గరికి దిగినా పగలు 28 దాకా పోతుంది. పైగా పులిసే బీరు తనే వేడి పుట్టించుకుంటుంది, గదికంటే కొన్ని డిగ్రీలు పైనే ఉంటుంది. మన చలికాలం చూసి నమ్మేంత చల్లదనం ఈ పనికి లేదు. మైక్రోబ్రూవరీల్లో ట్యాంకు చుట్టూ గ్లైకాల్ కలిపిన చల్లటి ద్రవం తిప్పి చల్లబరిచేది ఇందుకే.

ఎండాకాలంలో ఇంకో చిక్కు హైడ్రోమీటర్‌తో. అది చాలావరకు 20 డిగ్రీల దగ్గర సరిచేసి ఉంటుంది. మేడ మీది ట్యాంకు నీళ్ళే మే నెలలో కాలుతుంటాయి. ఆ నీళ్ళతో చల్లార్చిన వర్ట్ 35 డిగ్రీల దగ్గర ఉండగా కొలిస్తే సుమారు నాలుగు పాయింట్లు తక్కువ చూపిస్తుంది. 1.076 అని కనిపించింది నిజానికి 1.080. ఆల్కహాల్‌లో ఇది అర శాతం తేడా.

నార్వే పల్లెల్లో తరతరాలుగా దాచుకున్న క్వైక్ అనే ఈస్ట్ ఉంది. 30 డిగ్రీల పైన, కొన్ని రకాలు 40 దాకా కూడా, మంట పుట్టించకుండా పులుస్తాయి. వేడి దేశాల తయారీదారులకి ఇది వరమని ఒక వర్గం అంటుంది. ఇంకో వర్గం ఒప్పుకోదు. బార్లీవైన్‌లో ఎండుద్రాక్ష లాంటి రుచి ఇచ్చేది ఇంగ్లిష్ ఈస్ట్, డాపెల్‌బాక్‌లో గింజ రుచి శుభ్రంగా తెలిసేది చల్లటి లాగర్ ఈస్ట్ వల్ల. ఆ ఈస్ట్ మారిస్తే బీరు మారినట్టే అంటారు. వాస్ రకం క్వైక్ నారింజ వాసన ఇస్తుంది. స్టౌట్‌లో వేయించిన మాల్ట్ దాన్ని కప్పేస్తుంది కాబట్టి అక్కడ మొదటి వర్గం వాదన బలంగా ఉంది. డాపెల్‌బాక్ విషయంలో నాకు రెండో వర్గమే సరి అనిపిస్తుంది.

శ్రీలంక వైపు చూస్తే మూడో దారి కనిపిస్తుంది. అక్కడి స్టౌట్‌లు నల్లగా, తియ్యగా, ఎనిమిది శాతం పైచిలుకుతో వేడి దేశంలోనే పుట్టి పెరిగాయి. బీజేసీపీ పుస్తకం వీటికి ట్రాపికల్ స్టౌట్ అని విడిగా చోటిచ్చింది. చిక్కటి బీరు కావాలంటే మంచు పడే ఊరు ఉండాలనే అభిప్రాయానికి ఇవే జవాబు.

దాచడం: ఎంతకాలం, ఏ వేడిలో

బార్లీవైన్ పులిసిన వెంటనే కరుకుగా ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ చేదు, మంట సర్దుకుంటాయి. కొద్దిపాటి ఆక్సీకరణ వల్ల షెర్రీ వైన్, ఎండు పళ్ళ లాంటి రుచులు వస్తాయి. అదే ఆక్సీకరణ హద్దు దాటితే తడి అట్టపెట్టె వాసన. ఆ హద్దుని నిర్ణయించేది నిల్వ వేడిమి. పదీ పన్నెండు డిగ్రీల సెల్లార్‌లో ఏడాది పట్టే మార్పు 30 డిగ్రీల స్టోర్‌రూమ్‌లో చాలా త్వరగా, అదీ చెడ్డ వైపుకి జరుగుతుంది.

అందుకే చలికాలపు పోటీకి బార్లీవైన్ పంపేవాళ్ళు వసంతంలోనో, ముందు ఏడాదిలోనో మొదలుపెడతారు. ఇంపీరియల్ స్టౌట్‌ని ఆగస్టులో చేసి డిసెంబరుకి ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. కాఫీ, వేయించిన మాల్ట్ రుచులు తాజాగా ఉన్నప్పుడే బాగుంటాయని వాళ్ళ మాట.

పోటీలో మార్కులు ఎలా పడతాయి

బీజేసీపీ పద్ధతిలో మొత్తం 50 మార్కులు: వాసనకి 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకి 5, మొత్తం అనుభవానికి 10. చూడగానే ఆకట్టుకునే నల్లటి రంగుకీ నురగకీ కలిపి దక్కేది మూడే. 38 దాటితే చాలా మంచి బీరు, 45 దాటడం అరుదు. ఆల్కహాల్ ఎక్కువ ఉన్నందుకు విడిగా మార్కులేమీ లేవు.

కనీసం ఇద్దరు రుచి చూసి విడివిడిగా మార్కులు వేసి, మాట్లాడుకుని ఒక అంకెకి వస్తారు. వాళ్ళ దగ్గర హైడ్రోమీటర్ ఉండదు. సీసాలో ఉన్నది పేరు నమోదు చేసిన శైలికి తగ్గట్టు ఉందా అన్నదే చూస్తారు. పైన చెప్పిన రెండో బీరునే, అంటే 1.090 నుంచి 1.030కి వచ్చినదాన్నే తీసుకోండి. సూత్రం లెక్కలో ఆల్కహాల్ 7.9 శాతం కాబట్టి పుస్తకం ప్రకారం బార్లీవైన్ కింది హద్దుకి వెంట్రుకవాసి తక్కువ. ఓల్డ్ ఏల్ అందామంటే దాని ఒరిజినల్ గ్రావిటీ హద్దు 1.088, అక్కడ రెండు పాయింట్లు ఎక్కువ. అనుభవం ఉన్నవాళ్ళు ఈ అంకెలు పక్కనపెట్టి రుచి చూసి నిర్ణయిస్తారు. ఎండు పళ్ళు, పాత చెక్క వాసన ముందుకొస్తే ఓల్డ్ ఏల్, గింజ రుచి నిండుగా ఉంటే బార్లీవైన్. తప్పు విభాగంలో పెట్టిన మంచి బీరు 40కి బదులు 30 తెచ్చుకోవడం మామూలే.

మసాలాల దగ్గర అభిప్రాయభేదం ఎక్కువ. వింటర్ సీజనల్ బీర్ అని విడి విభాగం ఉంది. దాల్చినచెక్క, లవంగం, జాజికాయ లాంటివి అక్కడ సహజం. మాల్ట్‌తో పలికించలేనిదాన్ని మసాలాతో కప్పేస్తున్నారని సంప్రదాయవాదుల ఫిర్యాదు. పండగ వాసన లేని చలికాలపు బీరేమిటని రెండో పక్షం. బిర్యానీ మసాలాలో పెరిగిన మన ముక్కుకి ఇది ఆసక్తికరమైన విభాగమే. కానీ లవంగం మోతాదు కాస్త మించినా బీరులో అదొక్కటే మిగులుతుంది, పులిశాక దాన్ని తీసేసే దారి లేదు.

తాగేవాళ్ళ కోసం ఒక లెక్క. 330 మిల్లీలీటర్ల 9 శాతం బీరులో 23 గ్రాముల పైన ఆల్కహాల్ ఉంటుంది. 650 మిల్లీలీటర్ల 5 శాతం పెద్ద సీసాలో సుమారు 26 గ్రాములు. చిన్న సీసా కదా అని బండి తీయడానికి వీల్లేదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం.

ఇంట్లో ఎందుకు కుదరదు, ఎక్కడ కుదురుతుంది

అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇంటి బీరుకి ఫెడరల్ పన్ను లేకుండా దారి తెరుచుకుంది. పెద్దవాళ్ళు ఇద్దరుంటే ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు. అమ్మకూడదు. అయినా మిసిసిపీ, అలబామా రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోలేదు. బ్రిటన్‌లో ఇంటి బీరుకి లైసెన్సు అవసరం 1963లో పోయింది.

మన రాజ్యాంగంలో మద్యం రాష్ట్రాల జాబితాలో ఉంది. ఉమ్మడి రాష్ట్రపు 1968 ఎక్సైజ్ చట్టమే తెలంగాణకీ వచ్చింది. దాని ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చేయకూడదు. ఇంటి అవసరానికి అని మినహాయింపు లేదు. చెట్టు నుంచి దించే కల్లుకి కూడా లైసెన్సు కావాలి.

ఈ కఠినత్వానికి చరిత్ర ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం, 1993లో సారా నిషేధం, 1995లో ఎన్టీఆర్ తెచ్చిన సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాని సడలింపు మన తల్లిదండ్రుల తరం కళ్ళతో చూసినవి. తెలంగాణ వచ్చాక గుడుంబా మీద పెద్ద ఎత్తున దాడులు జరిగాయి. నల్లబెల్లం అమ్మకం మీద ఇప్పటికీ నిఘా ఉంటుంది. గుడుంబాకి పులియబెట్టే డ్రమ్మూ, బీరు పులియబెట్టే డ్రమ్మూ తనిఖీకి వచ్చిన కానిస్టేబుల్‌కి ఒకేలా కనిపిస్తాయి. ఇంటి తయారీకి అనుమతిస్తే ఆ చాటున గుడుంబా పెరుగుతుందని అధికారుల భయం. ఎక్సైజ్ ఆదాయం మరో కారణం.

అనుమతి కావాలనేవాళ్ళ వాదనలోనూ పస ఉంది. బీరుని సారాలా బట్టీ పెట్టి కాచరు. బార్లీ పులిస్తే ప్రమాదకరమైన మోతాదులో మిథైల్ ఆల్కహాల్ రాదు. కల్తీ సారా మరణాలకి సాధారణ కారణం బయటి నుంచి కలిపిన మిథైల్ ఆల్కహాల్. పరిమాణానికి హద్దు పెట్టి, అమ్మకం నిషేధిస్తే చాలని వాళ్ళంటారు. నా దృష్టిలో అధికారుల భయం నిజమైనదే. అయితే ఆ భయం బట్టీకి సంబంధించింది, పులియబెట్టడానికి కాదు. చట్టం ఈ రెండింటినీ విడదీసి చూడటం లేదు.

ఉన్న చట్టంలో మిగిలిన దారి మైక్రోబ్రూవరీ. తెలంగాణలో 2015 నిబంధనల తర్వాత హైదరాబాద్‌లో ఇవి వరసగా తెరుచుకున్నాయి. వాటికి ఒక పరిమితి ఉంది. 2018 నాటి ఆహార భద్రతా నిబంధనల ప్రకారం మన దేశంలో బీరు 8 శాతం దాటకూడదు, ఐదు దాటితే స్ట్రాంగ్. పదకొండు శాతం ఇంపీరియల్ స్టౌట్‌ని బీరుగా అమ్మడం ఇక్కడ కుదరదు. బాల్టిక్ పోర్టర్, డాపెల్‌బాక్, ఓల్డ్ ఏల్‌లలో కింది మెట్లు మాత్రం ఎనిమిదిలోపే ఉన్నాయి.

ఆ హద్దులో చిక్కటి బీరు చేయాలంటే మొదట చెప్పిన సూత్రాన్ని జాగ్రత్తగా వాడాలి. 1.080 నుంచి 1.020కి వస్తే కాగితం మీద 7.9 శాతం. కానీ ఆ సూత్రం తక్కువ చూపిస్తుందన్నాను కదా, ఇంకాస్త కచ్చితమైన సమీకరణంలో ఇదే 8.06 వస్తుంది. ల్యాబు నివేదికలో హద్దు దాటినట్టే. ఈస్ట్ రెండు పాయింట్లు ఎక్కువ తిన్నా అంతే. తెలివైన బ్రూవర్ 1.076 దగ్గర మొదలుపెట్టి, మాష్‌ని 68, 69 డిగ్రీల దగ్గర ఉంచి 1.020కి గురిపెడతాడు. సూత్రం 7.35 అంటుంది, అసలు లెక్క 7.5. ఈస్ట్ 1.018 దాకా వెళ్ళినా ఎనిమిది లోపే ఉంటుంది. ఆ బీరు వంద గ్రాముల్లో పులియకుండా మిగిలేది ఏడున్నర గ్రాములు. వైన్ షాపు లెక్కలో చూసిన మొదటి బీరుకి ఇది దాదాపు రెట్టింపు, ఆల్కహాల్ మాత్రం దానికంటే కాస్త తక్కువే.